బియ్యం సంచిలో వచ్చిన కవర్లు

2024 మార్చి 12, మంగళవారం, ఉదయం పదీ ఇరవై. ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో మా లాయర్ ఆఫీసు. ఇద్దరు భార్యాభర్తలు సోనామసూరి బియ్యం సంచి ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. సంచి నిండా విప్పని కవర్లు.

నా పని కవర్లు విప్పడం. మా లాయరమ్మ కరెన్ గారు అప్పుల కేసులు చూస్తుంది. అప్పుల్లో మునిగినవాళ్లు చేసే మొదటి పని ఉత్తరాలు విప్పడం మానెయ్యడం. వాళ్లు సంచుల్లో, చెప్పుల డబ్బాల్లో తెచ్చిపోస్తే నేను విప్పి, తారీఖు వారీగా పేర్చి, ఏది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పైన రాస్తాను. నేను తెలుగు అక్షరాలు ముప్పై ఆరేళ్లకు నేర్చుకున్నాను, ఇంగ్లీషువి యాభై నాలుగేళ్లకు, ఇక్కడి లైబ్రరీలో. ఈ ఆఫీసులో మొదట నేల తుడవడానికి చేరాను. పెద్ద చదువులు చదివినవాళ్లు కవరు చూసి వణుకుతుంటే నాకు మొదట్లో నవ్వొచ్చేది. అక్షరం చిక్కితే చాలని బతికినదాన్ని, ఉత్తరానికి భయపడటమేమిటో నాకు తెలియదు.

ఆయన సుధాకర్, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్. ప్రాజెక్టు పోయి తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు గడవడానికి ఐదు క్రెడిట్ కార్డులు గీకాడు. మళ్లీ ఉద్యోగం దొరికేసరికి అప్పు అరవై వేల డాలర్లు దాటింది. భార్య మాధవి. ఏదో సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, కార్డులకు కట్టడం ఆపెయ్యండి, నెలనెలా మాకు కట్టండి, బ్యాంకులతో మేం బేరం ఆడతాం, ఉత్తరాలొస్తే పట్టించుకోకండి అన్నారట. ఏడు నెలలు అలాగే నడిచింది.

నేను విప్పుతూ పోయాను. పన్నెండో కవరు మందంగా ఉంది. కోర్టు ముద్ర. ఒక బ్యాంకు దావా వేసింది. జవాబు చెప్పడానికి ఇచ్చిన గడువు ఆ శుక్రవారంతో అయిపోతుంది.

"ఇది ఎప్పుడొచ్చింది బాబూ?"

"తెలీదు ఆంటీ. మెయిల్‌బాక్స్‌లోంచి తీసి డ్రాయర్‌లో వేసేవాణ్ణి."

"మూడు రోజులుంది. దాటితే బ్యాంకు నీ జీతంలో చెయ్యి పెట్టే దారి తెరుచుకుంటుంది."

మాధవి కుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా నిలబడే ఉంది పాపం.

కరెన్ గారు వచ్చి దారులు చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. మొదటిది డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్. లాభం కోసం కాకుండా నడిచే సలహా సంస్థ బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గిస్తుంది. అసలు మొత్తం మనమే కట్టాలి. పరువైన దారే. కానీ కోర్టుకెక్కిన బ్యాంకును అది ఆపలేదు. రెండోది దివాలా చట్టంలో చాప్టర్ సెవెన్. చాలా అప్పులు కొట్టేస్తారు, కానీ జీతం ఒక గీతకు లోపల ఉండాలి. వీళ్లది ఆ గీత దాటింది. మూడోది అదే చట్టంలో చాప్టర్ థర్టీన్. కోర్టు కళ్ల ముందు, మూణ్ణుంచి ఐదేళ్లు, చేతనైనంత నెలనెలా కట్టాలి. అది వేసిన రోజే దావాలు ఆగుతాయి.

వీసా సంగతేమిటని సుధాకర్ అడిగాడు. అప్పు తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవడం నేరం కాదు, కానీ నీ కాగితాల గురించి ఇమిగ్రేషన్ లాయర్‌ని ఇవాళే అడుగు అంది ఆవిడ. అతను బయటికెళ్లి మాట్లాడి, కాస్త తేలికైన మొహంతో వచ్చాడు. థర్టీనే వేద్దామన్నారు ఇద్దరూ.

నేను మిగతా కవర్లు పట్టుకున్నాను. అడుగున ఒకటి వేరేగా తగిలింది. స్టాంపు లేదు. రూపాయి బిళ్ల అంటించిన చదివింపుల కవరు. పైన తెలుగులో "వేణుకి" అని ఉంది. మా ఆఫీసువాళ్లలో అది చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. విప్పాను. తొమ్మిది వేల డాలర్ల చెక్కు.

"ఇది ఎవరికి?"

 మాధవి చెప్పింది. వేణు ఆమె తమ్ముడు, పార్సిప్పనీలో ఉంటాడు. కష్టకాలంలో పదకొండు వేలు ఇచ్చాడు, కూతురి కాలేజీకి దాచుకున్న డబ్బు. కోర్టుకెక్కేలోపు ఉన్నదంతా ఊడ్చి తమ్ముడికి ఇచ్చేద్దామని, అతని పేరు ఆ కాగితాల్లోకే రానివ్వకూడదని ఇద్దరూ అనుకున్నారు. పొద్దున ఇంట్లో బల్ల మీదివీ డ్రాయర్‌లోవీ కాగితాలన్నీ సంచిలోకి ఊడ్చినప్పుడు ఈ కవరు కూడా వచ్చేసింది.

"సాయంత్రం ఇద్దామనుకున్నాం ఆంటీ."

"మంగళవారం పూట డబ్బెవరిస్తారమ్మా?" అన్నాను. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

"బ్యాంకోళ్లకు మొహం లేదు ఆంటీ. మా తమ్ముడికి ఉంది. రేపు వాడి ఇంటికి ఎలా వెళ్లాలి?"

కరెన్ గారికి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అప్పుల లెక్క చూడటానికి కోర్టు తరఫున ఒక మనిషి ఉంటాడు, ట్రస్టీ అంటారు. కేసు వేసేముందు చుట్టానికి ఇచ్చిన డబ్బును, ఏడాది వెనకటిదైనా, అతను ఆ చుట్టం దగ్గరికే వెళ్లి తిరిగి అడగొచ్చు. మర్యాద అనుకుని చేసిన పని తమ్ముడి గుమ్మం ముందుకే కోర్టును తీసుకెళ్తుంది. పైగా అప్పిచ్చినవాళ్ల పట్టికలో ఒక్క పేరు కూడా దాచడానికి లేదు. నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

సుధాకర్ నేల చూస్తున్నాడు. నాకు మెత్తగా చెప్పడం రాదు. "బాబూ, ఇవాళ నువ్వు అప్పున్నోడివి. పేరు దాస్తే రేపటికి అబద్ధమాడినోడివి. మొదటిదానికి కోర్టులో దారుంది. రెండోదానికి లేదు. ఫోన్ చెయ్యి."

 మాధవే ఫోన్ తీసి, తమ్ముడికి కలిపి స్పీకర్‌లో పెట్టింది. మొత్తం చెప్పింది, చెక్కు సంగతితో సహా.  వేణుకి కూతురి ఫీజు గుర్తొచ్చి ఉంటుంది, తప్పులేదు. నేను కవర్లు సర్దుతున్నట్టు నటించాను.

"అంటే నాకు మొత్తం రాదన్నమాట" అన్నాడు వేణు.

"రాకపోవచ్చురా" అంది మాధవి.

"బావ ఉన్నాడా అక్కడ?"

"ఉన్నాను వేణూ."

"నేను ఇచ్చినప్పుడు కాగితం అడిగానా బావా? ఇప్పుడు కాగితం మీద నా పేరు రాయించు. అందరితో పాటే నేనూ. పిల్ల ఫీజు నేను చూసుకుంటా. ఆదివారం మాత్రం ఇంటికి రండి. నాలుగు నెలలైంది మీరొచ్చి."

సుధాకర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. నేను పట్టిక తీసి, బ్యాంకుల పేర్ల కింద వేణు పేరు రాశాను. చెక్కు చింపేసి, సొమ్ము ఖాతాలోనే ఉంచి, కోర్టుకు చూపించారు ఇద్దరూ. గురువారం కేసు పడింది. దావా ఆగింది.

ఇప్పటికీ వాళ్లు నెలనెలా కడుతున్నారు. ట్రస్టీ దగ్గర్నుంచి వేణుకి మొదటి చెక్కు వచ్చింది, నూరు డాలర్లు కూడా లేదు. దాన్ని ఫోటో తీసి అక్కకు పంపి, "నీ బ్యాంకోళ్ల పక్కన కూర్చున్నా" అని రాశాడట. మాధవి ఆ ఫోన్ తెచ్చి నాకు చూపించింది.

నేను పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అప్పు చేసి తీర్చలేనివాడంటే నాకు లోపల చిన్నచూపు ఉండేది, ఒప్పుకుంటాను. ఆ రోజు పోయింది. సిగ్గున్నవాళ్లే కవరు విప్పలేరని తెలిసింది. అప్పు సంగతి ఎవరికి చెప్పడానికి అందరికంటే ఎక్కువ భయపడతామో, వాళ్లకే ముందు చెప్పాలనీ తెలిసింది. ఇప్పుడు సంచి తెచ్చిన ప్రతివాళ్లనీ మొదట ఒకటే అడుగుతాను: ఇందులో మీ ఇంటివాళ్ల పేరేదైనా ఉందా?

ఆ రోజు అక్కడున్నవాళ్లకు నేను రుణపడి ఉన్నాను, ఈ రుణానికి ఏ చాప్టరూ లేదు. అందుకే పేర్లు రాస్తున్నాను. దారులు చూపిన కరెన్. ప్రమాణానికి నిలబడ్డ సుధాకర్. ఫోన్ చేసిన మాధవి. కవర్లు విప్పింది నేను, సత్తెమ్మను. ఫోన్‌లో వేణు.