ఉల్లిపాయలు కొనిపించిన నవల

ఆ రోజుల్లో మా పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఫొటో పంపి, అన్నం వండుకుని తిని వచ్చి చూస్తే, అది సగం దూరం వెళ్ళి ఉండేది. (ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నన్నేదో రాజుల కాలం మనిషిలా చూస్తారు. నాకింకా ముప్పై నిండలేదు బాబూ!) అలాంటి నెట్‌తో నాకు పట్టిన పిచ్చి ఏమిటంటే, నేను చదివిన ఇంగ్లీషు నవలలు అందరిచేతా చదివించడం. డ్రాగన్ల మీద ఊరేగే పిల్లలు, సర్కారు మీద తిరగబడే పిల్లలు, పదహారేళ్ళకే లోకాన్ని కాపాడేసే పిల్లలు! అబ్బ, ఎంత బాగుండేవో! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చదివి, ముగింపు గురించి నాతో పోట్లాడితే చాలని ప్రాణం కొట్టుకుపోయేది. మా పేట హాడోలో చుట్టాలంతా చేపలు, పడవలు, డ్యూటీల మనుషులు. మా ఈడు వాళ్ళకి తెలుగు మాట్లాడటమే గాని చదవటం అంతంతమాత్రం. అందుకని నా సిఫార్సులన్నీ వాయిస్ మెసేజ్‌లలోనే.

ఆ ఏడు నన్ను పూర్తిగా పిచ్చిదాన్ని చేసింది మూడు భాగాల నవల ఒకటి. ఒక ద్వీపం, దాని చుట్టూ ఒక దుర్మార్గపు సర్కారు. రెండో భాగం ఎక్కడ ఆగిందంటే, చదివాక నాకు అన్నం సయించలేదు. మూడో భాగం పార్సిల్ చెన్నై నుంచి ఓడలో వస్తోంది. అది వచ్చేలోపు ఎవరినో ఒకరిని ఈ పిచ్చిలోకి లాగాలని, వార్తలు చదివే ఆవిడలా గొంతు పెట్టి రెండు వాయిస్‌లు చేసి చుట్టాల గ్రూపులో పెట్టాను. మొదటిది: "అందరూ వినండి. రేపట్నుంచి మన ద్వీపానికి ఓడలు బంద్. బయటినుంచి ఒక్క ఉల్లిపాయ రాదు. ఆఖరి ఓడలో ఇంటికి ఒక్కరికే చోటు. మరి ఆ పిల్ల, తమ్ముణ్ణి వదిలేసి ఎక్కాలా?" రెండోదాంట్లో, ఇది నవల అని, ఎందుకు చదవాలో కూడా వివరంగా చెప్పాను. చెప్పి, హాయిగా ట్యూషన్‌కి పోయాను.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఉల్లిపాయల బస్తా. దాని పక్కన ఇంకో బస్తా. నాన్న చొక్కా తడిసి ముద్దయింది. ఫోన్‌లో, ఉత్తరాన డిగ్లీపూర్‌లో ఉండే చిన్నాన్న, "అన్నా, సచ్ బోలో, జహాజ్ బందేనా? ఇక్కడ దుకాణం కాడ జనం కొట్టేసుకుంటన్నారు!" అని కేకలు. నేను నా ఫోన్ తీసి చూశాను. మొదటి వాయిస్ అందరికీ చేరింది. రెండోదాని పక్కన గడియారం గుర్తు తిరుగుతూనే ఉంది!

"అది కథ నాన్నా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

నాన్న బస్తా మీద కూలబడ్డాడు. "కతా? జహాజ్ బందా అని జెట్టీ అంతా నన్ను నిలేసినారే! ఆ పార్సిల్ రానీ, అదే జహాజ్‌లో ఎనక్కి పంపేస్తాను. ఇక ఈ ఇంట్లోకి కత బుక్కు అడుగెట్టకూడదు."

మూడో భాగం లేకుండా ఎలా బతకడం? ఏడుస్తూ, కాళ్ళావేళ్ళా పడుతుండగా పెద్దత్త వచ్చింది. నాన్న అక్క, మార్కెట్లో చేపలమ్మే మనిషి, ఆవిడ గొంతెత్తితే నాన్న కూడా చేతులు కట్టుకునేవాడు. చంకలో ఆవిడ వాటా బంగాళాదుంపల సంచి. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. నా రెండో వాయిస్! నాన్న నొక్కాడు. "భయపడ్డారా? హహ్హహ్హ! ఇది నవల! తప్పక చదవండి!" అని నా గొంతే నన్ను వెక్కిరించింది. ఇక అయిపోయాననుకున్నాను.

పెద్దత్త సంచి దింపి నా వైపు తిరిగింది. "ఏటే, ఇంతకీ ఆ గుంట తమ్ముణ్ణొగ్గేసి ఓడెక్కేసిందేటి? లైన్లో నిలబడ్డంతసేపూ నాకదే ఇదిగా ఉంది."

"మూడో భాగంలో ఉంది అత్తా. పార్సిల్లో వస్తోంది."

"ఒరే" అంది నాన్నతో, "ఆ పార్సిల్ మీద సెయ్యేసినావంటే సూడు! ఇన్ని దుంపలు కొనిపించి, ఆ గుంట ఏటైనాదో సెప్పకపోతే నాను ఊరుకుంటానేటి?"

పార్సిల్ వచ్చింది. రోజూ సాయంత్రం పెద్దత్త వలలు బాగుచేస్తుంటే, నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేదాన్ని. ముగింపు వినగానే వల విసిరికొట్టింది. "సీ, తమ్ముడి కోసం ఓడ ఎనక్కి తిప్పాల గానీ! రాసినోడికి బుద్ధుందా?" నేను రచయిత తరఫున, ఆవిడ తమ్ముడి తరఫున, గొంతులు పోయేదాకా పోట్లాడుకున్నాం. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఎవరితోనూ పోట్లాడలేదు.

ఇప్పుడు సముద్రం అడుగునుంచి నెట్ కేబుల్ వచ్చింది. నవల గురించి ఎంత పెద్ద వీడియో పెట్టినా చిటికెలో వెళ్ళిపోతుంది, లైకులూ వస్తాయి. నేను కూడా బుద్ధిగా మొదట్లోనే ఇది కథ అని చెప్పేస్తున్నాను. కానీ ఎంత గొప్ప నవల గురించి చెప్పినా, నా మాట విని ఒక్కరు కూడా ఒక్క ఉల్లిపాయ కొనరు.