పట్టించిన నూనె

1968 వర్షాకాలం మొదట్లో నన్ను నౌపడకు దగ్గరలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా వేశారు. ఊళ్ళు తిరిగి తల్లులనూ పిల్లలనూ చూడడం, మంత్రసానులకు శుభ్రత నేర్పడం నా పని. ముసలివాళ్ళు నా పనిలోకి రారు. కానీ ఇంటికంటూ వెళ్ళాక గడపలో కూర్చున్న మనిషిని దాటుకుని లోపలికెలా పోతాం?

సముద్రపు ఒడ్డు వాడకు ఉప్పుమళ్ళ గట్ల మీదుగా నడిచి వెళ్ళేదాన్ని. ఉప్పుకుప్పలకు తాటాకులు కప్పి ఉండేవి. మళ్ళలో నిలిచిన వాననీళ్ళ నిండా ఆకాశమే. నడుస్తున్నానో తేలుతున్నానో తెలిసేది కాదు. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే కళ్ళు మూసుకుని ఆ గట్టు మీద నడుస్తాను.

ఆ వాడలో నూకయ్య అనే ముసలాయన ఉండేవాడు. వయసెంతని అడిగితే తాను చూసిన గాలివానలు లెక్కపెట్టేవాడు. మోకాళ్ళు పట్టేసి, ఒళ్ళు తగ్గి, గడప దిగడం మానేశాడు. అయితే ఆయన బెంగ మోకాళ్ళ గురించి కాదు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు అక్కడొక కట్టుబాటుంది. తాడు మీద చెయ్యి వేసినవాడికే పాలు, అంటే వాటా. చెయ్యి వెయ్యలేని ముసలివాళ్ళకు ఊరికే ఒక చేప ఇస్తారు. దాన్ని ధర్మం చేప అంటారు. కిందటేడు కోడలు ఎర్రమ్మ ఆ చేప వండిపెడితే ఆయన ముట్టలేదట. కార్తీకంలో వల దింపేనాటికి తాడు పట్టగలడా లేదా అన్నదే ఆ ఇంట్లో ఎప్పుడూ మాట.

మా డాక్టరుగారు చూసి రోగమేమీ లేదన్నారు. తిండి చాలక, కదలిక లేక కండ కరిగిందని చెప్పి, బలానికి రోజూ ఒక చెంచా సొరచేప నూనె రాశారు. ఆ రోజుల్లో సీసా రోగులే తెచ్చుకోవాలి. తాగే మిక్చరైతే కాంపౌండరు మోతాదుకొక గంటు పెట్టిన కాగితప్పట్టీ సీసాకు అంటించేవాడు. చదువురానివాళ్ళకు అదే గుర్తు: పట్టీ ఉంటే తాగేది, లేకపోతే రాసేది. నూనె సీసాకు జిగురు నిలవదని పట్టీ వేసేవారు కాదు. పిల్లలకు ఆ నూనె నేనే నోట్లో పోసేదాన్ని కాబట్టి ఎన్నడూ చిక్కు రాలేదు.

సీసా ఎర్రమ్మ చేతికిచ్చి, రోజూ మావకు పట్టించమని చెప్పాను. మా విజయనగరం ఇంట్లో ఆముదం పట్టించడమంటే ముక్కు మూసి తాగించడమే.

వారం తిరక్కుండా సీసా ఖాళీ అయ్యేది. తాతకు రుచి తగిలిందనుకుని మళ్ళీ నింపేవాళ్ళం. నిజంగానే ఆయన లేచాడు. మొదట గడప దిగాడు, తర్వాత తడి ఇసుక దాకా వెళ్ళాడు. వాన వెలిసిన పొద్దుల్లో నేను గట్టు దిగేసరికి అలల అంచున మసకగా కనిపించేవాడు, వెనకాలే వాడలోని పిల్లులన్నీ. చేపల వాడలో పిల్లులకేం కొదవని నేను పట్టించుకోలేదు. డాక్టరుగారు సొరనూనె మహిమ అని మురిసిపోయారు. నేనూ మురిశాను.

వల దింపిన రోజు నేనూ ఒడ్డున ఉన్నాను. నూకయ్య వచ్చి తాడు పట్టుకున్నాడు. కుర్రాళ్ళు చోటివ్వబోతే, తానేమైనా పెళ్ళికొడుకునా అని కసిరాడు. వల ఇసుకను తాకేదాకా చెయ్యి వదల్లేదు. ఆయన బుట్టలో పాలు పడ్డప్పుడు నా కళ్ళు చెమర్చాయి. నూనె తాగితే ఎంత బలమొచ్చిందో చూశావా తాతా అన్నాను.

ఆయన నావైపు వింతగా చూశాడు. ఒక పిల్లి ఆయన పిక్కను నాకుతోంది.

"తాగడమేటి నర్సమ్మా? సొరనూనె ఎవులైనా తాగుతారేటి? సెక్క పగలకుండా పడవకి రాసీ నూనె అది. నువ్వు పట్టించమన్నావంట గదా, మా కోడలు రెండు పూటలా ఒల్లంతా పట్టించేస్తన్నాది."

ఎర్రమ్మను అడిగాను. పసిపిల్లలకు చేసినట్టే కాళ్ళు మడిచి, చాపి, మర్దనా చేసేదట. ఆ తర్వాత ఎండలోకి తరిమేసేదట.

"నూనె ఇంకీదాకా సాప మీద కూకోనిచ్చీదాన్ని కాదమ్మా. సాపంతా కంపు కొట్టేస్తాది. తిరిగొచ్చి ఆకలంటే సోడంబలి పోసీదాన్ని."

సోడంబలంటే రాగి అంబలి. మా డాక్టరు రాసిన మందులో ఒక్క చుక్క కూడా ఆయన లోపలికి పోలేదు. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పాను. ఒంటికి రాయడం మానొద్దని, ఇకనైనా ఒక చెంచా తాగమని కబురు పంపారు. నూకయ్య రెండో దానికి ఒప్పుకోలేదు.

వల దింపిన ఆ రోజు నేను బయల్దేరుతుంటే ఆయన తన బుట్టలోంచి ఒక చేప తీసి నా సంచిలో వేశాడు.

"దరమం సేప కాదు నర్సమ్మా. నా పాల్లోది."

రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని మాకు నిబంధన. పుచ్చుకున్నాను.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరికీ 'పట్టించండి' అని చెప్పలేదు. తాగించమనేదాన్ని, లేదా రాయమనేదాన్ని. ముసలివాళ్ళున్న ఇంట్లో బలం మందు ఇచ్చినప్పుడు మాత్రం ఇంకొక మాట కలిపేదాన్ని: పొద్దున్నే కాసేపు చాప తీసెయ్యండి.