విశ్వాసం తూచే కాటా

మా మావయ్యకి ఒకటే జబ్బు. రుజువు చూపించనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. బయట వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన వేళ్ళు చూసుకుని, "ఊఁ, పడుతున్నట్టే ఉంది" అనేవాడు. అత్తయ్య వంటింట్లోంచి "పాలు పొంగాయి" అని అరిస్తే లేచి వెళ్ళి, పొయ్యి మీద, గట్టు మీద, నేల మీద పాలు స్వయంగా చూసి వచ్చి, "నిజమే" అనేవాడు. ఊరంతా ఆయన్ని రుజువు మావయ్య అనేది. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆయన మావయ్యే.

వృత్తి కూడా ఆ జబ్బుకి తగ్గదే దొరికింది. కాటాలు బాగుచేసేవాడు. కిరాణా కొట్టు తక్కెడ దగ్గర్నుంచి లారీలు ఎక్కి దిగే పెద్ద కాటా దాకా, ముల్లు సున్నా దగ్గర నిలవకపోతే ఆయనకే కబురు. సందు మొదట్లో చిన్న గది, గోడకి వరసగా ఇత్తడి పళ్ళాలు, బల్ల మీద మెత్తటి గుడ్డలో పసిపిల్లల్లా పడుకోబెట్టిన తూనికరాళ్ళు. "మనిషి అబద్ధమాడితే మొహం చూసి పట్టుకోవచ్చు అమ్మడూ. కాటా అబద్ధమాడితే సరైన రాయి పెట్టి చూస్తేనే తెలుస్తుంది" అనేవాడు నాతో.

ఇలాంటి మనిషి చర్చికి రాకుండా ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆయనేమో ఒక్క ఆదివారం మానేవాడు కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, రెండో వరసలో కూర్చునేవాడు. ఆయన బైబిల్లో అద్భుతం ఉన్న ప్రతి పేజీ పక్కనా ఒక ప్రశ్నార్థకం ఉండేది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలిపేవారు. మావయ్య ఆ చెయ్యి పట్టుకుంటే ఇక వదిలేవాడు కాదు.

"అయ్యగారూ, అయిదు రొట్టెలు అయిదు వేలమందికి పంచారు. మిగిలినవి పన్నెండు గంపలు."

"అవునండీ, దేవుని మహిమ."

"మహిమ సంగతి తర్వాత. ఆ అడవిలోకి పన్నెండు ఖాళీ గంపలు ఎవరు మోసుకొచ్చారు? తిండి తెచ్చుకోవడం మర్చిపోయినవాళ్ళు గంపలు మాత్రం గుర్తుపెట్టుకుని తెచ్చుకున్నారా?"

పాస్టరుగారు ఆయన వెనక పెరుగుతున్న వరసని చూసి, "వచ్చేవారం మాట్లాడుకుందాం" అనేవారు. మావయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీసి 'గంపలు, వచ్చేవారం' అని రాసుకునేవాడు. ఆ పుస్తకంలో పదకొండేళ్ళ కిందటి వచ్చేవారాలు కూడా ఉన్నాయి.

పెళ్ళింట నీళ్ళు ద్రాక్షారసమైన కథలో ఆయనకి నీళ్ళతోనూ పేచీ లేదు, ద్రాక్షారసంతోనూ లేదు. ఒక్కో రాతిబానకి రెండో మూడో తూములు పడతాయన్న దగ్గర పట్టుకున్నాడు. "రెండా? మూడా? ఇలా నోటికొచ్చినట్టు కొలత చెబితే నా లైసెన్సు ఊడబీకుతారు!"

నేను సండే స్కూలు టీచర్ని, చర్చి కార్యదర్శిని కూడా. ఒకసారి నా క్లాసుకే వచ్చి, పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. యోనా చేప కడుపులో మూడు రోజులున్నాడని చెప్పాను. వెనక చెయ్యి లేచింది.

"టీచరుగారూ, లోపలంతా చీకటి కదా. మూడు రోజులైందని యోనాకి ఎలా తెలిసింది?"

పిల్లలంతా నా వైపు తిరిగారు. "ఎన్నిసార్లు ఆకలేసిందో లెక్కపెట్టుకుని ఉంటాడు" అని ఒక పాప నన్ను కాపాడింది. ఆ జవాబు మావయ్యకి ఎంత నచ్చిందంటే, చెవి వెనక పెన్సిలు తీసి ఆ పాపకి బహుమతి ఇచ్చేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నా విశ్వాసం ఆవంలోంచి కొత్తగా తీసిన కుండలా ఉండేది. ఎవరైనా వేలితో తట్టి చూస్తే ఎక్కడ పగులుతుందోనని భయం.

ఆ ఏడే మా చర్చి పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఆవిడని అందరం టైలరమ్మ అనేవాళ్ళం. ఆయన బస్సు డ్రైవరు. మూడు నెలలు సంఘమంతా ప్రార్థన చేశాం. ఎక్కడి నుంచో ఒక ప్రసంగీకుడు వచ్చి, డ్రైవరు తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు లేచి నడుస్తావు" అన్నాడు. డ్రైవరు లేవలేదు. పన్నెండో రోజున పోయాడు. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఒక మాట బయల్దేరింది. "ఇంట్లోవాళ్ళకి విశ్వాసం చాల్లేదు." ఆ మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు, చాలా తేలిగ్గా.

మూడు నెలలకి ఆ ప్రసంగీకుడు మళ్ళీ వచ్చాడు. హాలు కిటకిటలాడుతోంది. "పోయినసారి ఇక్కడ పదిమంది స్వస్థత పొందారు!" అన్నాడు. మావయ్య లేచాడు.

"ఆ పదిమంది చిరునామాలు ఇప్పిస్తారా అయ్యా? వెళ్ళి పలకరించి వస్తాను."

హాల్లో నవ్వులు. ప్రసంగీకుడి మొహం ఎర్రబడింది. "స్వస్థత రాలేదంటే వాళ్ళ విశ్వాసంలోనే కొరత ఉంది!"

"ఎంత కొరత? గ్రాముల్లో చెప్పండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మీటింగు నడిపేది నేనే కాబట్టి ఇంకో మైకు నా చేతిలో ఉంది. "మావయ్యా! నీకు నమ్మకం లేకపోతే ఇంట్లో కూర్చో. నమ్మేవాళ్ళని చెడగొట్టడానికి ఇక్కడికి రాకు" అన్నాను. నా గొంతు హాలు నాలుగు మూలలా వినిపించింది. ముందుగా సంఘం పెద్దాయన చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. మావయ్య కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "సరే అమ్మడూ" అన్నాడు. అంతే. వరసలో అందరి మోకాళ్ళూ జాగ్రత్తగా దాటుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన చర్చికి రాలేదు. నెల తిరక్కుండా పాస్టరుగారు నా దగ్గరికి వచ్చారు. "మీ మావయ్యని పిలువమ్మా. అడిగేవాడు లేక నాకు చదవడం తగ్గిపోయింది. గంపల గురించి కొంత వెతికి పెట్టాను కూడా" అన్నారు. "తప్పు తెలుసుకుని ఆయనే రావాలండీ" అన్నాను. పైగా ఆయన ఆదివారం పొద్దున్నే పనిముట్ల సంచి భుజాన వేసుకుని పోతున్నాడని తెలిసింది. సరిగ్గా ఆరాధన వేళకి కాటాల పనికి బయల్దేరతాడా! నాకు ఆయన మీద ఇంకో నేరం దొరికింది.

ఇంట్లో కలిసినప్పుడు మామూలుగానే మాట్లాడేవాడు, నవ్వించేవాడు. నేను క్షమాపణ అడగాలనుకున్న రోజులు లేకపోలేదు. ఈ వారం పని ఉంది, వచ్చేవారం చూద్దాం అనుకునేదాన్ని. అలా రెండేళ్ళు గడిచాయి. ఒక మంగళవారం ఉదయం, కొట్లో కాటా ముల్లు సరిచేస్తూ మావయ్య అలాగే బల్ల మీదకి వాలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

సమాధి దగ్గర పాస్టరుగారు లాజరు బతికి వచ్చిన కథ చదివారు. చదివి, అలవాటు కొద్దీ ఆగి, ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనన్నట్టు మా వైపు చూశారు. అంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది. టైలరమ్మ.

"అయ్యగారూ, లాజరుకి కాళ్ళూ చేతులూ గుడ్డలతో కట్టేసి ఉన్నాయి కదా. మరి బయటికి ఎలా నడిచొచ్చాడు?"

పాస్టరుగారు బైబిలు మూశారు. "తెలీదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అత్తయ్య రుమాల్లో మొహం దాచుకుంది, భుజాలు అదురుతున్నాయి. ఓదారుద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నవ్వుతోంది.

వారం తర్వాత టైలరమ్మ ఇంటికి వెళ్ళాను. "ఆ ప్రశ్న నీకెక్కడ దొరికింది అక్కా?" అని అడిగాను.

ఆవిడ మిషను ఆపింది. "అన్నయ్యదే. నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయిలే. మా ఆయన పోయాక ఎవరి మొహమూ చూడలేకపోయాను అమ్మాయ్. నేను సరిగ్గా నమ్మలేదేమో, నా వల్లే పోయాడేమో అని కుమిలిపోయేదాన్ని. ఆ రోజు మీటింగులో చివరి వరసలో నేనూ ఉన్నాను. మీ మావయ్య ఎంత కొరతో చెప్పమన్నది నా కోసమే."

ఆవిడ మిషను మీది గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"తర్వాత ఆదివారం సంచి వేసుకుని ఇంటికొచ్చాడు. చిన్న కాటా తీసి ఈ బల్ల మీద పెట్టాడు. 'చెల్లెమ్మా, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. బంగారం తూచేవి చూశాను, బొగ్గు తూచేవి చూశాను. విశ్వాసం తూచే కాటా మాత్రం ఇంతవరకూ నా కొట్టుకి రాలేదు. నీది తక్కువైందన్నవాళ్ళు దేంతో తూచారో కనుక్కో, వెళ్ళి దాన్ని పగలగొట్టి వస్తాను' అన్నాడు. మా ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే."

"అంటే అద్భుతాలు జరగవనేగా ఆయన ఉద్దేశం?"

"నేనూ అదే అడిగాను. 'జరగవని ఎవరన్నారు? జరగాలనే నా ఆశ. లేనివి ఉన్నట్టు చెప్పి దేవుడి పరువు తీస్తుంటే ఊరుకోలేను' అన్నాడు. నాలాంటివాళ్ళ ఇళ్ళు చాలానే తిరిగేవాడు. ఏడాది పోయాక మళ్ళీ చర్చికి వెళ్ళమని వెంటపడ్డాడు. 'నేనెలాగూ వెళ్ళను, మీరైనా వెళ్ళండి. మా అమ్మడు పాఠం బాగా చెబుతుంది, పిల్లల్ని దాని క్లాసులో వెయ్యండి' అనేవాడు."

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది నివేదికలో నా చేత్తో నేను రాసిన వాక్యం ఇది: 'కార్యదర్శి పట్టుదలతో చేసిన ప్రార్థనల ఫలితంగా, దూరమైన ఆరు కుటుంబాలు అద్భుతరీతిలో తిరిగి వచ్చాయి.' కార్యదర్శి అంటే నేనే. ఆ ఆరింటిలో టైలరమ్మ కుటుంబం ఒకటి.

ఆ నివేదిక పట్టుకుని పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. "ఇది అబద్ధమండీ. కొట్టేస్తాను" అన్నాను. విషయమంతా విని ఆయన కాగితం తీసుకుని చదివారు. "అద్భుతమన్న మాట ఉండనీ అమ్మా. ఎవరి చేతుల మీదుగా జరిగిందో అది దిద్దు" అన్నారు.

దిద్దాను. నా ప్రార్థనలు కొట్టేసి, ఆ పైన మావయ్య పేరు రాశాను. దిద్దుబాటుకి సంఘం పెద్దాయన సంతకం కావాలి కాబట్టి ఆయన ముందు పెట్టాను. తిడతాడని గుండె దిటవు చేసుకుని నిలబడ్డాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, చదివి, మళ్ళీ చదివి, తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు.

"ఇందులో తప్పుంది" అన్నాడు.

"తప్పేం లేదు పెద్దయ్యగారూ. అంతా నిజమే."

"అది కాదమ్మా. మా ఆవిడ చూపు మందగించినప్పుడు మేం ఎంత ప్రార్థన చేసినా బాగుపడలేదు. ఆవిడ అలిగి ఆరు నెలలు చర్చికి రావడం మానేసింది. ఒంట్లో బాలేదని అందరికీ చెప్పుకున్నాను. మీ మావయ్య వచ్చి ఏం మాట్లాడాడో, ఆ ఆదివారం నాకంటే ముందు తయారై కూర్చుంది" అంటూ పెన్ను తీశాడు. 'ఆరు' కొట్టేసి, పైన 'ఏడు' అని వేసి, సంతకం పెట్టాడు.