రెండో ఆధారం

ఆగస్టు పదమూడవ తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. బయట సన్నని ముసురు. పత్రికా రచన బోధించే మాస్టారు తరగతిలో అడుగుపెట్టి, కళ్లద్దాలు తుడుచుకొని, అలవాటు చొప్పున నల్లబల్లపై "ఇద్దరు చెప్పనిదే వార్త కాదు" అని రాశారు. ఈ సూత్రాన్ని ఆయన ఇంట్లోనూ సడలించరు. వంట అయిందని భార్య చెబితే, కూతురిని కూడా అడిగి గాని కంచం ముందు కూర్చోరు. వార్తారచనపై ఏళ్ల తరబడి ఆయన చేత్తో రాస్తున్న మహాగ్రంథం కళాశాలలో ఈ తరగతికి ఎదురుగా ఉన్న ఆయన గదిలోని బల్లమీద ఉంటుంది. దానికి మరో ప్రతి లేదు. పూర్తికాకముందే దిష్టి తగులుతుందేమోనని ఒక్క పుట కూడా ఎవరికీ చూపలేదు.

కిటికీ పక్కనున్న విద్యార్థిని ఉలిక్కిపడి లేచింది. "సార్, మీ గదిలోంచి పొగ వస్తోంది!"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పేదేంటి సార్, కళ్లారా చూస్తుంటే!"

"ఒక్క నోటి మాట పుకారు తల్లీ. రెండో ఆధారం పట్రా."

ఆమె పరుగున పోయి అటెండరును లాక్కొచ్చింది. అతడు రొప్పుతూ, "పొద్దున టీ పెట్టుకుందామని హీటరు వేశాను సారూ..." అని మొదలుపెట్టాడు.

"ముఖ్యమైనది ముందు చెప్పవయ్యా! టీ సంగతి చివరి పేరాలో."

"మీ బల్ల తగలబడిపోతోంది సారూ!"

"భేష్! వార్తంటే ఇదీ!" అని మెచ్చుకొన్న తరువాత గాని మాస్టారి కాళ్లు కదలలేదు.

మరునాటి పత్రికలో, కళాశాల గదిలో పనికిరాని పాత కాగితాలు కాలిపోయినట్లు అటెండరూ, ప్రిన్సిపాలూ చెప్పారని నాలుగు పంక్తులు వచ్చాయి. మాస్టారు మండిపడి ఖండన రాయబోయి, కలం మూసేశారు. అది గ్రంథమని చెప్పగలవారు లోకంలో ఆయన ఒక్కరే.