సెక్టర్ ఏడులో చల్లారిన లావా

మావయ్య నీలం అద్దాన్ని కుడి కంటికి ఆనించుకుని, ఎడమ కన్ను మూసుకుని, టీవీకి జానెడు దూరంలో ముక్కు పెట్టి చూస్తున్నాడు. తెర మీద కొండ బద్దలై లావా ఊరి మీదికి దిగుతోంది. ఊళ్లోవాళ్లందరినీ నిద్ర లేపుతూ ఒక గాడిద పరిగెడుతోంది. ముందుగదిలో నలుగురం ఊపిరి బిగబట్టి ఉన్నాం. చివరికి మావయ్య అద్దం దించి, చొక్కా అంచుతో తుడిచి, “సల్లారిపోయిందిరా” అన్నాడు. “దీన్ని లేడిల్లో పోస్తే షాపు దాటకుండానే గడ్డ కట్టీస్తాది.” (లేడిల్ అంటే కరిగిన ఉక్కును మోసే బాన, షాపు అంటే ఫ్యాక్టరీలో ఉక్కు కరిగించే విభాగం. మా ఇళ్లలో చెంబు, గ్లాసు ఎంత మామూలు మాటలో అదీ అంతే.) ఆయన కూతురు బుజ్జి సోఫా ఎక్కి చప్పట్లు కొట్టింది. పత్రికలో నాకు దక్కిన మొదటి కాలమ్ ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల ఆ సెక్టర్ ఏడు క్వార్టర్‌లోనే ప్రాణం విడవబోతోందని నాకు తెలిసిపోయింది.

ఆ రోజుల్లో బొమ్మల సినిమా డీవీడీ మాకు ఊరికే చూసి పక్కన పడేసే వస్తువు కాదు. పెట్టె వెనక చిన్నక్షరాలను పరీక్ష పేపరులా చదివేవాళ్లం. గీతల అంచులు పదునుగా ఉన్నాయా, ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విడిపోతోందా, సినిమా కాక ఇంకేం ఇచ్చాడు, దర్శకుడి మాటలా, తీసేసిన సీన్లా, ఉత్త ట్రైలరేనా! ఈ లెక్కలు తేలక మాట్లాడుకోవడం మానేసిన స్నేహితులు కూడా ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ల బాధలు వేరు. వెడల్పు తెర బొమ్మ మొదటిసారి చూసిన అత్తయ్య, “పైనా కిందా నల్లగుడ్డ కట్టీసేరేటి? సగం బొమ్మ దాచీసి మనకి సూపిస్తన్నాడేటి ఆడు?” అని డీవీడీ కొట్టువాడి మీదికి వెళ్లబోయింది.

నేనప్పుడు, హిందీ ప్రాంతంలోని ఆ ఉక్కు ఊళ్లో, ఒక హిందీ దినపత్రికలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. నీళ్ల సరఫరా వేళలు, సన్మాన సభలు, తప్పిపోయిన మనుషుల ప్రకటనలు దిద్దడం నా పని. ఆరు నెలలు బతిమాలితే ఆదివారం పేజీ అడుగున అరచేతంత చోటిచ్చారు, డీవీడీల మీద రాసుకోమని. ఆ గాడిద సినిమా రెండు డిస్కుల ప్రత్యేక కూర్పుగా వచ్చినప్పుడు నాకు పూనకం వచ్చింది. బొమ్మ మచ్చ లేకుండా ఉందని, లావా ఎరుపు చూస్తుంటే ముఖానికి సెగ తగులుతోందని, రెండో డిస్కులోని విశేషాలు అమూల్యమని రాశాను. (ఆ విశేషాలు నేను చూడలేదు. పెట్టె వెనక జాబితా చూసి రాశాను. మా సంపాదకుడికి తెలుగు రాదన్న ధైర్యంతో ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.)

మంగళవారం ఉత్తరం వచ్చింది. నా కాలమ్‌కు వచ్చిన మొట్టమొదటి ఉత్తరం! ఆనందంతో విప్పాను. “లావా రంగు తప్పు. ముప్పై ఏళ్లు ఫర్నేసు ముందు నిలబడినవాడిగా చెబుతున్నాను. పాత ఒంటి డిస్కులో వేడి ఉంది, మీరు పొగిడినదానిలో లేదు” అని ఉంది. కింద సంతకం మా మావయ్యది. చక్కని హిందీ, గుండ్రని అక్షరాలు మాత్రం బుజ్జివి. మావయ్యకు హిందీ మాట్లాడటమే గానీ రాయడం రాదు, కొత్త కూర్పు ఆయన అప్పటికింకా చూడనూ లేదు. పాత డిస్కు బుజ్జిది. దాని మీద ఒక్క మాట పడనిచ్చేది కాదు.

సంపాదకుడు ఉత్తరం చదివి కళ్లజోడు తీశారు. “గలత్ కౌన్ హై? ఆప్ యా యే బుజుర్గ్?” అన్నారు. తప్పెవరిదో తేల్చి ఈ ఆదివారానికి రాయాలి, లేకపోతే ఆ చోట గళ్లనుడికట్టు వేస్తానన్నారు. ఆ పెద్దమనిషి మా అమ్మకు సొంత అన్నయ్య అని చెప్పకుండా తలూపి బయటపడ్డాను.

మావయ్య సంగతి చెప్పాలి. ఉక్కు కరిగే షాపులో ఫోర్‌మన్. కొలిమి గవాక్షం లోంచి నీలం అద్దంతో ఒక్కసారి చూసి వేడి ఎంతో చెప్పేసేవాడు. యంత్రం ఒక అంకె, మావయ్య ఇంకో అంకె చెబితే యంత్రాన్ని రిపేరుకు పంపేవారట. (ఇది మావయ్య చెప్పిందే.) ఆ అద్దం చొక్కా జేబులోంచి కదిలేది కాదు. ఇంట్లో పెనం కూడా అద్దం పెట్టి చూసి, “ఇంకో రెండు నిమిషాలాగి అట్టు పొయ్యి” అనేవాడు. అత్తయ్య గరిటె పట్టుకుని, “ఇది వంటిల్లు, నీ ఫర్నేసు కాదు, అవతలకి నడు!” అనేది.

అందుకే మర్నాడు మధ్యాహ్నం రెండు కూర్పులూ ఒకే టీవీలో వేసి చూడాలని, మావయ్య మాటే తుది తీర్పని బుజ్జీ నేనూ ఒప్పందానికి వచ్చాం. ముందు పాత డిస్కు వేశాం. మావయ్య తలూపి, “ఇది పారుతాది” అన్నాడు. తర్వాత నాది వేశాం. తీర్పు మీకు తెలుసు.

“మావయ్యా, ఆ అద్దంలోంచి చూస్తే సూర్యుడైనా చల్లగానే కనిపిస్తాడు” అన్నాను.

“సూర్యుడి సంగతి నాకు తెలీదొరే. లేడిల్ సంగతి తెలుసు.”

“రిమోట్ ఏది? బుజ్జీ, మధ్యలో కలర్ తగ్గించావా?”

“అరే బావా, హార్ గయే తో రిమోట్ కా దోష్? ఓడిపోతే రిమోట్ మీద నెపమా?” అంది బుజ్జి. (రిమోట్ ఆమె చున్నీ కిందే ఉంది. ఇది నేను కళ్లారా చూశాను.) అంతటితో వదలకుండా, “సరే, దూస్రా డిస్క్ లగావో. అమూల్య అని రాశావ్ కదా, చూపించు!” అంది.

రెండో డిస్కు పెట్టాను. ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి, అక్కడినుంచి నాకు తెలియని ఏవో భాషల్లోకి వెళ్లి, తిరిగొచ్చి, కనిపించిన మొదటి బొమ్మ మీద నొక్కాను. తెర తెల్లబడింది. దాని మీద ఉత్త పెన్సిల్ గీతలు కదులుతున్నాయి. రంగు లేదు, చప్పుడు లేదు.

“డిస్కు పాడైనట్టుంది” అన్నాను.

బుజ్జి పెట్టె తిప్పి చదివింది. చదివి గట్టిగా అరిచింది. “రంగు వేయకముందు గీసిన బొమ్మలు అని ఇక్కడ రాసుంది! బావా, తుమ్నే దేఖా హీ నహీఁ! నాన్నా, ఈయన చూడకుండానే రాసేశాడు!” అత్తయ్య నోటి మీద చెయ్యి వేసుకుంది. నేను తీవాచీ మీద పువ్వులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

“ఆగండర్రా!” అన్నాడు మావయ్య.

అద్దం జేబులో పెట్టేసుకుని నేల మీద చతికిలబడ్డాడు. పెన్సిల్ లావా దిగుతోంది. ముందు అంచు తెట్టు కట్టి, ఆ తెట్టు పగిలి, లోపలిది పైకి దొర్లి, మళ్లీ తెట్టు కడుతోంది. “ఇదీ! ఇదీ వేడంటే! ఎనకనుంచి తోస్తంది సూడు. ఈడు కొలిమి ముందర నిలబడి సూసి గీసేడ్రా. రంగేసినోడు వేరే. ఆడు సూళ్లేదు” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “నీలాగే” అన్నాడు. బుజ్జి పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

“మళ్లీ వెయ్యి” అన్నాడు. వేశాను. మళ్లీ అన్నాడు. మధ్యలో వంటింట్లోకి వెళ్లిన అత్తయ్య కూడా ఆరోసారికి వంట వదిలేసి వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్లుగా మావయ్య రోజూ చూసేదేమిటో ఆ మధ్యాహ్నమే మొదటిసారి తెలిసిందని తర్వాత మా అమ్మతో చెప్పిందట.

ఆ ఆదివారం నేను రెండు డిస్కుల సంగతి ఎత్తకుండా పెన్సిల్ లావా గురించి రాశాను, ఈసారి చూసి రాశాను. సంపాదకుడు చదివి, “పెన్సిల్ వాలీ బాత్ అచ్ఛీ హై” అని మెచ్చుకున్నారు. కానీ ఏ డిస్కు మంచిదో చెప్పలేదేమని అడిగారు. పై వారం చెబుతానన్నాను. ఆ పై వారం రెండేళ్లు సాగింది, గళ్లనుడికట్టు వేరే పేజీలో చోటు వెతుక్కుంది.

మొన్న, రిటైరయ్యాక వైశాలి నగర్‌లో ఉంటున్న మావయ్య ఫోన్ చేశాడు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. “ఒరే, కట్టు ఇప్పేర్రా! మన గోడలు తెల్లగా ఉన్నాయి! ఇన్నాళ్లూ పసుపనుకున్నాను. కంట్లో పొర ఎన్నో ఏళ్లనుంచీ పసుపెక్కిపోయుంటాదని డాక్టరు అన్నాడు. మరి ఆవేళ నాను సెప్పిన తీర్పు ఏటవుద్ది? కొట్టెయ్. మళ్లీ సూడాల!”

జుట్టు నెరిసిన నేను ఆ మాటకు స్టూలేసుకుని అటక ఎక్కాను. మా ఆవిడ కింద స్టూలు పట్టుకుని, ఈ వయసులో ఏమిటిదని అడుగుతోంది. నేను పెట్టె దొరికిందని కేకలు పెడుతున్నాను. నా రెండు డిస్కులూ భద్రంగా ఉన్నాయి. బుజ్జి మాత్రం తన పాత డిస్కును ప్లేయరులో వేసి పరీక్షించబోతే ట్రే లోపలికి వెళ్లి బిగుసుకుపోయింది. ఆ కూర్పు ఇంకెక్కడా దొరకడం లేదు. ప్లేయరు క్యాంప్ టూ పేటలో రిపేరు షాపులో ఉంది. “ఖోలేంగే తో డిస్క్ టూటేగా, భయ్యా” అని, విప్పితే డిస్కు విరుగుతుందని షాపతను చెయ్యి వేయనంటున్నాడు. మావయ్య అద్దం తుడుచుకుని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ట్రే ఇంకా తెరుచుకోలేదు.