కాన్పు దాకా ఆపిన మరమ్మతు

మా ఇంట్లో నల్లా పైపు గచ్చు కింద నుంచి పోవడం నా తెలివే. ఉప్పుగూడ స్టేషనుకు దగ్గర్లో మా గల్లీ. అక్కడ నల్లా ఉన్న నాలుగైదు ఇళ్ళలోనూ అది వాకిట్లోనే ఉండేది. నాకు మాత్రం వంటింట్లో కావాలి. రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను, ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాణ్ణి, నా ఇంటి ఆడవాళ్ళు నలుగురి ముందూ బిందెలు పట్టడమేమిటని నా గొప్ప. వీధి గుమ్మం నుంచి నడిమి గది దాటించి వంటింటి దాకా ఇనుప పైపు వేయించాను. పైన సిమెంటు గచ్చు పోయించి, ఎర్రరంగు కలిపి నున్నగా రుద్దించాను. పైపుకు జానెడు దూరంలోనే ఇంటి మురికంతా పోయే మోరీ. దాని మీదా బండలు కప్పి గచ్చు చేసేశాం. కనపడనిది లేనట్టే అనుకునే రకం నేను.

డెబ్బైల నడుమ సంగతి. ఇంట్లో ముగ్గురం: అమ్మ, నేను, నా భార్య. పెళ్ళయిన ఆరేళ్ళకు ఆమె కడుపుతో ఉంది. తల్లి లేని పిల్ల, పుట్టింటికి పంపే వీల్లేదు, కాన్పు మా దగ్గరే. అమ్మకు కోడలంటే ప్రాణం. ఇద్దరూ ఒక్కటై నన్ను ఆటపట్టించేవాళ్ళే గానీ, వాళ్ళలో వాళ్ళు ఒక్క మాట అనుకోగా నేను వినలేదు.

ఆమెకు ఐదో నెల నిండుతుండగా వంటింటి గచ్చు మీద ఒక మూల చెమ్మ కనపడింది. "నువ్వు గిన్నెలు కడిగే తీరు గట్లున్నది" అని కసిరాను.

"నేను గిన్నెలు కడిగేది ఈ మూలకు, చెమ్మ లేసింది ఆ మూలకు. నీళ్ళకు కాళ్ళొచ్చి నడిసిపోయినయా ఏంది?" అందామె.

నాలుగు రోజులకు అక్కడ ఉప్పు చల్లినట్టు తెల్లగా పొడి లేచింది. చాప పరిస్తే అడుగంతా తడి. నల్లా పొద్దున ఆరింటికి వచ్చి ఎనిమిదింటికి బంద్ అయ్యేది. ఆ రెండు గంటల్లో పక్కింటివాళ్ళకు పది బిందెలు నిండితే మాకు ఆరు. పైగా మొదటి బిందె వాసన. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించి, "ఇవేం నీళ్ళురా నాయినా, చచ్చిన ఎలుక కంపు" అనేది. ఆ మాట రోజూ వినీ వినీ విసుగెత్తి చివరికి మేస్త్రీని పిలిచాను.

పక్క గల్లీలో ఉండేవాడాయన. నల్లా పనిలో తల నెరిసిన మనిషి, అందరికీ చాచా. ఆదివారం పొద్దున నీళ్ళు వచ్చే వేళకు వచ్చాడు. వంటింట్లో నల్లా గట్టిగా కట్టేయించాడు. గడ్డపార తెచ్చి గచ్చు మీద నిలబెట్టి, దాని పై కొసకు చెవి ఆనించాడు.

"ఎవ్వరు మాట్లాడొద్దు. గిన్నె చప్పుడు గిట్ల చెయ్యొద్దు" అన్నాడు.

గుమ్మం నుంచి జానెడు జానెడు జరుపుకుంటూ వచ్చాడు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చెమ్మ ఉన్న మూల దాకా రానే లేదు, నడిమి గదిలోనే ఆగిపోయాడు. నన్నూ చెవి పెట్టమన్నాడు. ఇనుములో సన్నగా సుయ్‌మని ఒకటే పోత.

"పైపు పోయింది ఈడ. నీళ్ళు వాలు దిక్కు పోయి ఆడ తేలుతున్నయి, గంతే" అన్నాడు.

అంతేనా అనుకున్నాను. ఆయన మాత్రం కదల్లేదు. ఎనిమిదింటికి నీళ్ళు ఆగగానే నల్లా తిప్పి, దాని మూతి దగ్గర తడి కాగితం ముక్క పట్టాడు. అది లోపలికి గుంజుకుని టక్కున అతుక్కుంది. నీళ్ళు ఆగితే పైపు బయటిది లోపలికి లాగుతోందన్నమాట.

"చిల్లు పక్కకు ఏమున్నది బేటా?"

"మోరీ."

ఆయన నా భార్యను అడిగి బట్టలకు పెట్టే నీలం పొట్లం తెప్పించాడు. బకెట్టు నీళ్ళలో కలిపి మోరీలో పోసి, "రేపు మొదటి బిందె తెల్లటి గిన్నెల వంపి చూడుండ్రి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు చూశాం. నీళ్ళు లేత నీలం. మోరీలో పోసింది మా మంచినీళ్ళలోకి వచ్చింది, ఇక దాచడానికేముంది? నా భార్య గిన్నె పైకెత్తి, "ఇగ మనింట్ల కృష్ణుడు పుట్టుడు ఖాయం అత్తమ్మా!" అంది. ముగ్గురం నవ్వాం. ఛీ, ఆ పూట నవ్విన నా నోటిని తలుచుకుంటే నాకే రోత.

ఆ సాయంత్రం చాచా వచ్చి, రేపే గచ్చు పగలగొట్టాలన్నాడు. అమ్మ అడ్డం పడింది.

"ఆరో నెల పడ్డది పిల్లకు. ఇంట్ల కడుపుతోని మనిషి ఉండంగ భూమిల గడ్డపార దించుతరా ఎవలన్న? కాన్పు కానియ్యి, పురుడు ఎల్లనియ్యి. అటెంక ఇల్లంత తవ్వుకో, నేనేమనను."

ఇది మా అమ్మ ఒక్కతి పట్టింపు కాదు. భార్య కడుపుతో ఉంటే మగవాడు పునాది తవ్వడు, గోడ కూల్చడు, పాడె మొయ్యడు. చాచా కూడా వాదించలేదు. "మా ఇండ్లల్ల కూడ గిట్లనే అంటరమ్మా" అన్నాడు.

మరి నేను? ఇలాంటివాటి మీద ఆఫీసులో జోకులు వేసేవాణ్ణి. ముహూర్తాలూ శకునాలూ చూసేవాళ్ళను వెర్రివాళ్ళనేవాణ్ణి. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు. నడిమి గదిలో నా ఎర్రగచ్చు అద్దంలా ఉంది. పగలగొడితే దుమ్ము, లొల్లి, ఆఫీసుకు సెలవు. అమ్మ మాట నాకు అక్కరకొచ్చింది.

చాచాను సాగనంపుతూ గల్లీ మొగదాకా నడిచాను. అక్కడ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"దేఖో బేటా, అది పానీ కాదు, జహర్, ఇసం. కడుపుతోని ఉన్న బిడ్డ తాగొద్దు. అమ్మ వద్దంటున్నది, ఠీక్ హై, గచ్చు ముట్టకు. ఇంట్లకు పొయ్యే పైపు ఈడ, గల్లీల్నే బంద్ చేస్త. గడ్డపార ఇంటి గడప దాటది. కాన్పయ్యేదాక గల్లీ నల్లా కాడ పట్టుకొచ్చుకో. మూడు నెలల ముచ్చట."

గల్లీ నల్లా అంటే మా మలుపులోని సర్కారీ నల్లా. ఆరు కాకముందే అక్కడ బిందెల వరస, ఆ వరసలో ఆడవాళ్ళు, వాళ్ళ తిట్లు. కడుపుతో ఉన్న ఆమెను పంపలేను, ముసలి అమ్మను పంపలేను. అంటే నేను పోవాలి. గుమాస్తాను, నల్లా వంటింట్లోకి వేయించుకున్న మొనగాణ్ణి, భుజాన బిందె పెట్టుకుని ఆ వరసలో నిలబడాలి.

"చూద్దాం చాచా" అన్నాను.

ఇంటికొస్తే అమ్మ ఆత్రంగా ఎదురొచ్చింది. "ఏమన్నడురా?"

"ఆగితే ఆగొచ్చన్నడు. ఫికర్ లేదన్నడు" అన్నాను.

అలా అబద్ధం ఆడేశాను. అమ్మ కుదుటపడింది. ఆ రోజు నుంచి అమ్మకు ఇదే పని: మొదటి రెండు బిందెలూ పారబోయడం, మిగతావి పాత చీర నాలుగు మడతలు వేసి వడగట్టడం, పటిక తిప్పడం. ఎంత శ్రద్ధ! ఒక్కరోజు తప్పలేదు. కోడలు తాగే చెంబు వేరుగా తోమి పెట్టేది.

ఎనిమిదో నెలలో ఆమెకు అన్నం సయించడం మానేసింది. కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే అనుకున్నాం. ఒక పొద్దున వాకిట్లో వెలుతురులో అమ్మ ఆమె రెప్ప కిందికి లాగి చూసింది. కన్ను పసుపు. పసిరికలంటే కామెర్లే, ఆకు పసరు పోయించాం. వాంతులు ఆగలేదు, మనిషి తెలివి తప్పుతూ ఉంటే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడ డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే. "ఏ నీళ్ళు తాగుతున్నారు?"

అమ్మే చెప్పింది. "మా నల్లా నీళ్ళే తల్లీ. పైపు చిల్లు పడ్డది, మోరీ కలుస్తదన్నరు. గందుకే వడగట్టి ఇస్తున్న."

"వడగడితే మట్టి పోతుందమ్మా, రోగం పోతుందా?" అంది డాక్టరమ్మ.

అమ్మ ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళ చెంబును వరండా అవతల వంపేసింది. మూడో రోజు పొద్దెక్కాక నా భార్య పోయింది. కడుపులో బిడ్డ కూడా. మగపిల్లవాడన్నారు.

పదకొండో రోజు వెళ్ళాక అమ్మే పోయి చాచాను పిలుచుకొచ్చింది. ఇక ఆపేవాళ్ళెవరు? రెండడుగుల గచ్చు పగలగొట్టాడు. మన్నంతా నల్లటి బురద. పైపు అతుకు తుప్పుతిని చిల్లులు పడింది, దాని పక్కనే మోరీ బండ పగిలి ఉంది. పాత ముక్క కోసి కొత్తది బిగించాడు, దాన్ని మోరీకి ఎడంగా జరిపాడు, సిమెంటు పూశాడు. పన్నెండు గంటలకల్లా అయిపోయింది. ఒక పూట పని! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

చాచా చేతులు కడుక్కుంటుంటే అమ్మ అడిగింది. "నేనే గద అయ్యా ఆపింది? నువ్వు చేస్తనంటే నేనే గద వద్దన్న?"

ఆయన తల తిప్పి నావైపు చూశాడు. నేను తడి సిమెంటు మీద పడ్డ మట్టి ఏరుతూ కూర్చున్నాను. "అంత ఖుదా మర్జీ అమ్మా" అని పనిముట్లు సంచిలో వేసుకుని పోయాడు. ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ బేటా అనలేదు, కనపడితే పక్కకు తిరిగేవాడు.

అమ్మ ఆ నల్లా నీళ్ళు మళ్ళీ నోట పోసుకోలేదు. బాగైందమ్మా, ఇప్పుడేం కాదు అని ఎంత చెప్పినా వినలేదు. రోజూ పొద్దున్నే చిన్న బిందె పట్టుకుని మలుపులోని సర్కారీ నల్లాకు పోయేది. నేను నిలబడలేనన్న ఆ వరసలో, మోకాళ్ళ నొప్పులతో, పదేళ్ళ పైన నిలబడింది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆమె పక్కనుంచే స్టేషనుకు పోయేవాణ్ణి.

ఎనభైల్లో ఆమె మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టేసింది.

"పోయినంక ఆ పిల్లకు నా మొఖం ఎట్ల చూపియ్యాలెరా? నేను ఆపకపోతే బతికేది."

గదిలో మేమిద్దరమే. చాచా అప్పటికే పోయాడు. గల్లీ మొగలో ఆయన చెప్పిన మాట తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నీ తప్పేం లేదమ్మా" అన్నాను. పదేళ్ళుగా గల్లీ అంతా ఆమెతో అంటున్న మాటే అది.

అమ్మ నా చెయ్యి అందుకుని నిమిరింది.

"నువ్వు మంచోనివి బిడ్డా. గంత చేసినా ఒక్కనాడన్న నన్ను ఒక్క మాట అనలే" అంది.