లేవని వంతెనకు లేపేవాడు

మా తమ్ముడు బ్రోనియస్ షికాగో నగరంలో వంతెన లేపే ఉద్యోగి. ఆ వంతెన లేవదు. ఇందులో అంత నవ్వొచ్చే సంగతేముందో నాకు తెలియదు గానీ, మా హోటల్లో కూగెలిస్, అంటే మా లిథువేనియా వాళ్ళ బంగాళాదుంపల వంటకం, తినడానికి వచ్చే ప్రతివాడూ పడీపడీ నవ్వేవాడు.

లేవదంటే పాడైందని కాదు. కాన్వెల్ వీధి వంతెన కిందికి ఎత్తయిన పడవ వస్తే లేపాలి. రాదు. వాడు ఉద్యోగంలో చేరిన ఏడాదే ఎగువనున్న ధాన్యం గోదాములు మూతపడ్డాయి. వంతెనకు ముగ్గురు మనుషులని ఒప్పందంలో ఉంది కాబట్టి ముగ్గురూ ఉన్నారు. లేపడానికి మావాడు, చక్రాలకు గ్రీజు రాయడానికి ఒకాయన, గంట కొట్టి రోడ్డు మీద అడ్డకర్ర దించడానికి డఫీ. ఒకడి పని ఇంకొకడు ముట్టుకుంటే యూనియన్ ఊరుకోదు. ఏడాదికోసారి వంతెన లేపి చూడాలని రూలు కూడా ఉండేది. ఆ రోజు అందరికీ ఓవర్‌టైం ఇవ్వాల్సి వస్తోందని, పొదుపు పేరుతో ఆ పరీక్ష ఎత్తేశారు. మనుషులను మాత్రం ఉంచారు. అదీ మా ఊరి పొదుపు.

బ్రోనియస్ మాత్రం రోజూ మీటలు తుడిచేవాడు, అద్దాలు కడిగేవాడు. బూట్లకు పాలిష్ లేకుండా డ్యూటీకి వెళ్ళిన రోజు లేదు.

"రిటైరయ్యేలోగా ఒక్క పడవను దాటించాలక్కా. లేకపోతే ఇన్నేళ్ళూ ఏం చేశావంటే ఏం చెప్పుకోను?" అనేవాడు.

అంతలో మేయరు ఎన్నికలొచ్చాయి. పోటీదారు గ్రాంట్ వెల్డన్, యూనియన్ల ఖర్చులు తగ్గిస్తానని ఊరంతా తిరుగుతున్నాడు. ఎవడు తీశాడో గానీ, మావాడు వంతెన కేబిన్ కిటికీ దగ్గర శాండ్‌విచ్ తింటున్న ఫోటో ఆయన చేతిలో పడింది. "మీ పన్నులతో ఈయన భోంచేస్తున్నాడు" అని బస్సుల మీద అంటించాడు. వారం తిరక్కుండా యూనియన్ నాయకురాలు డెల్లా ఫెరాంటే, ఉన్న మేయరు తరఫున, అదే ఫోటోను ఇంకా పెద్దది చేసి "కష్టజీవి నోటి దగ్గర కూడు లాక్కోకండి" అని గోడలన్నిటికీ వేయించింది. ఆ శాండ్‌విచ్ నేను చేసింది. నన్ను ఒక్కరంటే ఒక్కరు అడిగితే ఒట్టు.

ఎన్నికల ముందటి శనివారం వంతెన దగ్గరే సభ పెడతానని, గెలిచిన మొదటి రోజే ఆ కేబిన్‌కు తాళం వేస్తానని వెల్డన్ ప్రకటించాడు. ఆ సాయంత్రం మావాడు పళ్ళెం ముట్టుకోలేదు. నేను మర్నాడే పడవ కోసం వెతకడం మొదలుపెట్టాను.

వసంతకాలంలో తెరచాప పడవలన్నీ షెడ్లలోంచి తీసి, నది మీదుగా సరస్సులోకి తీసుకెళ్తారు. నా ఖాతాదారు, పళ్ళ డాక్టరు హర్లీకి ఒకటుంది.

"డాక్టరుగారూ, సరస్సుకు పోయే ముందు మీ పడవను ఒకసారి ఎగువకు తిప్పుతారా?"

"అటేముందమ్మా, మురుగు తప్ప?"

"మా తమ్ముడున్నాడు."

"వేసవంతా కూగెలిస్ ఉచితమైతే తిప్పుతా" అన్నాడు. పళ్ళ డాక్టర్లు పీకనిది ఏముంది.

శనివారం డాక్టరూ నేనూ పడవలో వంతెన దగ్గరికి చేరేసరికి వెల్డన్ వంతెన మీద మైకు పట్టుకుని, "ఈ వంతెన లేవగా చూసినవాడు మీలో ఒక్కడున్నాడా?" అని అడుగుతున్నాడు. అవతల డెల్లా తన జనంతో నినాదాలిస్తోంది. డాక్టరు హారన్ మోగించాడు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. వంతెన లేపమని అడిగే పద్ధతి అదే.

కేబిన్ కిటికీ తెరుచుకుంది. బ్రోనియస్ నన్ను చూశాడు, తెరచాప కొయ్యను చూశాడు. ఆ వెంటనే కేబిన్ స్పీకర్లో వాడి గొంతు వినిపించింది.

"అయ్యా వెల్డన్‌గారూ, కాస్త వెనక్కి జరగండి. పడవొచ్చింది."

"ఇదంతా యూనియన్ నాటకం. ఎవరూ కదలొద్దు" అన్నాడు వెల్డన్.

"బ్రోనియస్, గంట ముట్టుకోకు. అది డఫీ పని" అని అరిచింది డెల్లా.

"డఫీ ఏడమ్మా?"

"ఇల్లిల్లూ తిరిగి ఓట్లడుగుతున్నాడు. నేనే పంపా."

"మరి పడవ?"

"ఆగమను."

వాడు గంట కొట్టాడు. వంతెన మీదున్నవాళ్ళంతా రోడ్డు మీదికి పరుగెత్తాక అడ్డకర్ర దించాడు. వంతెన ఒళ్ళు విరుచుకుంటున్నట్టు మూలిగి, మెల్లగా లేచింది. పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. పాత సీసాలు, టోపీలు, వెల్డన్ పేరు రాసిన అట్టలు దొర్లుకుంటూ జారిపోయాయి. మేం కింద నుంచి దాటాం. నేను మెడ విరిగేలా పైకి చూశాను. మావాడి వీపు మాత్రమే కనిపించింది. నా ఒళ్ళు మండిపోయింది.

దాటాక కేకేశాను. "ఏరా, చూశావా?"

"లేదక్కా. జనం అడ్డకర్ర తోసుకొస్తున్నారు. వంతెన కదులుతున్నంతసేపూ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకూడదు. దాటారా?"

"దాటాం."

"కొయ్య ఎక్కడా తగల్లేదుగా?"

"తగల్లేదురా."

"ఎలా ఉంది?"

నేను చెయ్యెత్తి, నిటారుగా నిలిచిన వంతెన వైపు చూపించాను.

తరవాత జరిగిన భాగోతం ఊరందరికీ తెలిసిందే. వెల్డన్ గెలిచాడు, మొదటి రోజే మావాణ్ణి తీసేశాడు. డెల్లా కేసు వేసింది. వాడు డఫీ గంట కొట్టినందుకు యూనియన్ విచారణ జరపాలట, విచారణకు వాడు ఉద్యోగంలో ఉండాలట, కాబట్టి ముందు ఉద్యోగం తిరిగివ్వాలట. ఇచ్చారు. ఏ పనీ చేయని దండగ ఖర్చని ఒకరు, పక్కవాడి పని కూడా చేసేశాడని ఇంకొకరు, ఒకే మనిషి మీద పడ్డారు. వాళ్ళ వకీళ్ళ ఫీజు ముందు వాడి జీతం ఏ మూలకు? విచారణ రోజు వచ్చినప్పుడల్లా సాక్షి డఫీ సెలవులో ఉండేవాడు. మావాడు అలాగే రిటైరయ్యాడు.

కానీ ఆ శనివారం ఇవేవీ ఇంకా జరగలేదు. వంతెన నిటారుగా నిలబడి ఉంది. "దించవయ్యా" అని మైకులో వెల్డన్, "దించు" అని డెల్లా. ఆ ఎన్నికల్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది అప్పుడే.

బ్రోనియస్ కిటికీలోంచి వంగాడు. "అక్కా, ఎగువన ఇంకేముంది?"

"ఏముంది, మూతపడ్డ గోదాముల గోడ. దారి అక్కడితో సరి."

"అయితే మళ్ళీ ఇటే రావాలిగా?"

"రావాలి."

"రండి మరి. తిరిగొచ్చే పడవ ఉండగా దించకూడదు."

అలాంటి రూలు ఉందో లేదో నాకు తెలియదు. నేనడగలేదు. డాక్టరు పడవ తిప్పాడు. ఈసారి వంతెన కదలడం లేదు కాబట్టి వాడి కళ్ళు వాడివే. కేబిన్ బయటి వరండాలోకి వచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మా పడవనే చూస్తున్నాడు. అటూ ఇటూ అరుస్తున్న జనంలో ఒక్కడి వైపు కూడా చూడలేదు.

"నిదానంగా పోనివ్వండి డాక్టరుగారూ" అన్నాను. ఆయన ఇంజను ఇంకా తగ్గించాడు.